దిమ్మిస దెబ్బ ఎంత లోతుకు దిగుతుంది: కుంగిన గది నేల మీద ఒక కేస్ స్టడీ

నల్లరేగడి ఊళ్లో పాత ఇంటికి ఆనించి కట్టిన కొత్త గది అది. కొలత 12 అడుగులు, 14 అడుగులు. బేస్‌మెంటు మట్టం ఎత్తుగా పెట్టుకున్నారు. లోపల 80 సెంటీమీటర్లు ఎర్ర గ్రావెల్ నింపి, పైన 10 సెంటీమీటర్ల బెడ్ కాంక్రీటు వేసి టైల్స్ పరిచారు. ఒక్క వానాకాలం గడిచేసరికి నేల గోడల వెంబడి 18 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా దిగింది, మధ్యలో మాత్రం 8 దాటలేదు. స్కర్టింగ్, అంటే గోడ అడుగున అంటించే పట్టీ, గోడకే అంటుకుని ఉంది, దాని కింద వేలు దూరేంత సందు. గోళీ గుండు మధ్యలో పెడితే మూలకు దొర్లిపోతోంది. గోడల్లో పగుళ్లు లేవు, తలుపు చట్రం సరిగానే పడుతోంది. అంటే పునాది కదల్లేదు, లోపలి నింపుడే దిగింది.

ఇంటివాళ్ల మొదటి మాట: "దిమ్మిస కొట్టించాం కదా, మరి ఎందుకు దిగింది?" కొట్టించిన మాట నిజమే. ఎక్కడ కొట్టారు, ఎంత మందం మీద కొట్టారు అన్నదే తేల్చాల్సింది.

పనిముట్టు, దాని పేరు

దిమ్మిసను కొన్నిచోట్ల దిమ్మస అంటారు. కన్నడంలో దమ్మసు, తమిళంలో తిమిసు, మరాఠీలో ధుమ్మస్. దక్కను చుట్టూ ఒకే మాట నాలుగు నోళ్లలో నాలుగు రకాలుగా తిరిగింది. బరువైన దిమ్మను ఎత్తి కింద వదిలి మట్టిని గట్టిపరిచే సాధనం. వాడుకలో "దిమ్మిస కొట్టడం" అంటే పనిముట్టు కంటే పని పేరే అయిపోయింది. అందుకే పార తిరగేసి నాలుగు దెబ్బలు వేసినా దిమ్మిస కొట్టామనే చెబుతారు.

పాత రకం చెక్కది. నల్లతుమ్మ మొద్దు 18 సెంటీమీటర్ల అడ్డకొలత, అడుగు పొడవు ఉంటే దాదాపు 6 కిలోలు తూగుతుంది. అడుగున చెక్క చిట్లకుండా రోకలికి వేసినట్టే ఇనప పొన్ను వేస్తారు. ఇప్పుడు బజారులో దొరికేది పోత ఇనుముది: 15 సెంటీమీటర్ల చదరపు పాదం, 6 నుంచి 8 కిలోల బరువు, 1.2 మీటర్ల పైపు పిడి. ఇద్దరో నలుగురో కలిసి ఎత్తే పెద్ద మొద్దులు కూడా ఉండేవి, 25 కిలోల పైమాట, పక్కల అడ్డ పిడులతో. అవి పదం పాడితే తప్ప నడవవు. నలుగురిలో ఒక్కరు అర క్షణం ముందు వదిలినా మొద్దు వాలిపోయి ఎవరి పాదం మీదో పడుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే, పిడి పాదానికి నిటారుగా ఉందా లేదా. వెల్డింగు కాస్త వంకరైనా పాదం ఒక అంచుతో దిగుతుంది, మట్టి గట్టిపడే బదులు పక్కకు జరుగుతుంది. చెక్కదానికి పచ్చి కర్ర పిడి పెడితే నెలకల్లా ఎండి వదులవుతుంది. వదులు పిడితో దెబ్బ సగం పిడిలోనే పోతుంది, మణికట్టు వాస్తుంది.

ఎవరెవరు వాడారు, ఎంత మందానికి

ఈ కేసుకు పనికొచ్చే చరిత్ర వరస మందం గురించే. వరస అంటే ఒకసారి పోసి కొట్టే పొర. చైనాలో జంగ్‌జౌ దగ్గర క్రీ.పూ. 1500 ప్రాంతపు, షాంగ్ రాజవంశ కాలపు నగర గోడ ఉంది, చుట్టుకొలత దాదాపు 7 కిలోమీటర్లు. అంతా దిమ్మిస కొట్టిన మట్టే. కోసి చూస్తే సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్ల వరసలు కనిపిస్తాయి. వరసల మీద చిన్న చిన్న గుంటలు, కర్రల్ని కట్టగా కట్టి పొడిచిన గుర్తులు. చిన్న పాదం, పలచని వరస. ఆ జత ఊరికే కుదరలేదు.

రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ క్రీ.పూ. 1వ శతాబ్దంలో నేల పరిచే పద్ధతి రాస్తూ, కంకర మూడు పాళ్లకు సున్నం ఒక పాలు కలిపి, పదేసి మంది జట్లను దించి చెక్క దిమ్మిసలతో కొట్టించాలన్నాడు. కొట్టడం అయ్యాక మందం ముప్పావు అడుగుకు తగ్గకూడదు. కొలత కొట్టాక చూడమన్నాడు, పోసినప్పుడు కాదు. మన దగ్గర పోసిన మందానికే బిల్లు రాస్తారు, తేడా అక్కడే మొదలవుతుంది. మరో రోమన్ రచయిత ప్లినీ అయితే స్పెయిన్, ఆఫ్రికాల్లో రెండు పలకల మధ్య మట్టి కూరి లేపిన గోడల గురించి చెబుతూ, కార్తేజ్ సేనాని హనిబల్ కట్టించిన కాపలా బురుజులు తన కాలానికీ కొండల మీద నిలిచి ఉన్నాయని రాశాడు.

మన వైపు దిమ్మిస గోడల కంటే నేలకూ పైకప్పుకూ ఎక్కువ పని చేసింది. రాయలసీమ మిద్దెల మీద చవుడు మట్టి పరిచి కొట్టేవారు. మద్రాసు టెర్రస్ వేసిన డాబాల మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటును వరసగా కూర్చుని చేతి చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు, మధ్య మధ్య బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ. ఎప్పుడు ఆపాలో చెవే చెప్పేది. చెక్క లోనికి దిగకుండా ఎగిరి, "ధబ్" పోయి "ఠక్" అన్నప్పుడు పని అయినట్టు. పోత కార్ఖానాల్లో అచ్చు ఇసుక కూరడానికి, రాళ్లు పరిచిన వీధుల్లో రాళ్లు దింపడానికి, ఫిరంగుల్లో మందు కూరడానికి వేరే రూపాల్లో ఇదే సాధనం ఉంది. అవి ఈ కేసుకు అక్కరలేదు.

తవ్వి చూస్తే

నేల మీద మూడుచోట్ల టైల్స్ లేపి గుంటలు తీశారు: రెండు గోడల పక్కన, ఒకటి మధ్యలో. గ్రావెల్‌లో రాళ్లు ఉంటాయి కాబట్టి మట్టి నమూనా తీసే గొట్టం, కోర్ కట్టర్, దిగదు, దిగినా లెక్క తప్పుతుంది. అందుకని ఇసుక పోసి గుంట ఘనపరిమాణం కొలిచే పద్ధతిలో సాంద్రత చూశారు. అదే గ్రావెల్‌ను ల్యాబులో ప్రాక్టర్ పరీక్షకు (మట్టి ఎంత తేమ దగ్గర ఎంత గట్టిగా కుదురుతుందో చూసే పరీక్ష) పంపితే గరిష్ఠ పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.95 గ్రాములు, దానికి తగిన తేమ 11 శాతం అని తేలింది.

గది మధ్యలో పై 15 సెంటీమీటర్లలో 1.81 వచ్చింది, అంటే ఆ గరిష్ఠంలో 93 శాతం. పర్వాలేదు. కానీ అదే గుంటలో 45 సెంటీమీటర్ల కింద 1.56, అంటే 80 శాతం. గోడ పక్కన పైనే 84 శాతం, కింద ఇంకా తక్కువ. గునపం పైన ఠంగుమంది, అరచేతి లోతు దాటగానే చేత్తో నొక్కితే దిగిపోయింది.

జరిగింది తేలికగానే అర్థమవుతుంది. ట్రాక్టర్లతో తెచ్చిన గ్రావెల్ మొత్తం ఒకేసారి పోశారు, పైన మట్టం తీశారు, నీళ్లు కట్టారు, దిమ్మిస కొట్టారు. పై పొర పెంకు కట్టింది. కింద వదులుగానే ఉంది. వానాకాలంలో డాబా నీళ్ల పైపు గోడ మొదట్లోనే పడుతుండేది, చుట్టూ పేవింగ్ లేదు. తడి లోపలికి పాకింది, వదులు గ్రావెల్ తన బరువుకు తానే కూర్చుంది. 60 సెంటీమీటర్ల వదులు మట్టి 80 శాతం నుంచి 83 శాతానికి మారితే చాలు, 2 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. గది చూపించిన అంకె కూడా దాదాపు అదే.

గోడల దగ్గర ఎక్కువ దిగడానికి కారణాలు రెండు. పునాది కాలువల్లో గోడ పక్క మిగిలిన సందును తవ్విన మట్టితోనే పూడ్చి వదిలేశారు, కాబట్టి అక్కడ నింపుడు 80 కాదు, ఇంకో అడుగు ఎక్కువ లోతు. రెండోది, 15 సెంటీమీటర్ల పాదం ఉన్న దిమ్మిసతో గోడకు ఆనించి కొట్టడానికి చెయ్యి జంకుతుంది. పిడి గోడకు తగులుతుంది, వేళ్లు గీరుకుంటాయి. మనిషి తెలియకుండానే జానెడు ఎడం పెడతాడు. ఆ జానెడే తర్వాత స్కర్టింగ్ కింద కనిపిస్తుంది.

దెబ్బ లెక్క

ప్రాక్టర్ పరీక్ష లాస్ ఏంజిల్స్ నీటి సరఫరా విభాగం ఇంజనీరు ఆర్.ఆర్. ప్రాక్టర్ 1933లో ప్రచురించినది. చూస్తే అదీ దిమ్మిసే, గొట్టంలో పడే చిన్న దిమ్మిస. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 ఏడో భాగం ప్రకారం 2.6 కిలోల బరువు 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి, 1000 ఘన సెంటీమీటర్ల అచ్చులో మూడు వరసలు, వరసకు 25 దెబ్బలు. లెక్క కడితే లీటరు మట్టికి దాదాపు 590 జౌళ్ల శక్తి.

ఇప్పుడు చేతి దిమ్మిస. 7 కిలోలు, 30 సెంటీమీటర్ల ఎత్తు, దెబ్బకు 20 జౌళ్ల పైచిలుకు. 15 సెంటీమీటర్ల చదరం కింద 80 సెంటీమీటర్ల నింపుడు 18 లీటర్లు. దానికి ప్రాక్టర్ స్థాయి శక్తి ఇవ్వాలంటే ఒక్కో చోట 500 పైగా దెబ్బలు పడాలి. పడినా లాభం లేదు, ఎందుకంటే దెబ్బ ఒత్తిడి కిందికి పోయేకొద్దీ పలచబడిపోతుంది. చదరపు పాదం కింద, పాదం వెడల్పంత లోతులో మూడో వంతు ఒత్తిడి మిగులుతుంది. రెండింతల లోతులో పదో వంతుకు కాస్త ఎక్కువ. 15 సెంటీమీటర్ల పాదానికి అడుగు లోతున ఏమీ అందదనే చెప్పాలి. గుంటలో పై 15 సెంటీమీటర్లు మాత్రమే గట్టిగా ఉండటానికి కారణం ఇదే. దిమ్మిస తన పని తాను చేసింది, దానికి అందనంత లోతు అప్పగించారు.

కొట్టాక 6.7 సెంటీమీటర్లు మిగిలే వరస వేస్తే పాదం కింద లీటరున్నర మట్టే ఉంటుంది. 43 దెబ్బలతో ప్రాక్టర్ స్థాయి వస్తుంది. అది కూడా ఎక్కువే, కానీ మనిషి పట్టుదలకు అందే అంకె. ఇంకో సంగతి, మనిషి దిమ్మిసను ఊరికే వదలడు, కిందికి తోస్తాడు. అందుకని నిజంగా పడే శక్తి కాగితం లెక్క కంటే ఎక్కువే ఉంటుంది.

యంత్రం ఎందుకు దించలేదు

అదిరే పలకతో మట్టిని గట్టిపరిచే యంత్రం, ప్లేట్ కంపాక్టర్, అద్దెకు దొరుకుతుంది. అయితే ఒక గోడ పాత ఇంటిది, మట్టి అడుసుతో కట్టిన రాతి గోడ. అప్పటికే దాని మీద రెండు వెంట్రుక పగుళ్లు ఉన్నాయి. అదురుకు అది తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. పగుళ్లకు అడ్డంగా చిన్న గాజు ముక్కలు అంటించి చేతి దిమ్మిసతోనే పని మొదలుపెట్టారు. గాజు పగిలితే పని ఆపాలని నియమం. చివరిదాకా పగల్లేదు.

పని సాగిన తీరు

బెడ్ పగలగొట్టి, నింపుడు మొత్తం బయటకు తీశారు. గోడ పక్క పునాది సందుల్లో ఇంకో అడుగు లోతుకు వెళ్లి, అక్కడున్న నల్లమట్టిని పూర్తిగా పారేశారు. నల్లరేగడిని లోపల నింపడం కంటే ఖాళీగా వదిలేయడం నయం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, దిమ్మిస ఎంత కొట్టినా దాని గుణం మారదు.

తీసిన గ్రావెల్‌లో పిడికిలి కంటే పెద్ద రాళ్లు ఏరేశారు. ముందు రోజు సాయంత్రమే కుప్పను తడిపి, పారతో తిరగేసి, గోనెపట్టాలు కప్పారు. నీళ్ల లెక్క ఇలా: ఒక వరసకు దాదాపు 1.05 ఘనమీటర్లు, పొడి బరువు సుమారు 1,940 కిలోలు. కుప్పలో తేమ 6 శాతం ఉంది, 12 శాతం కావాలి. అంటే వరసకు 115 లీటర్లు, 15 లీటర్ల బకెట్లు ఎనిమిదికి కాస్త తక్కువ. ల్యాబు 11 శాతం అన్నా 12 పెట్టింది కావాలనే. కొట్టే శక్తి తగ్గితే మట్టి అడిగే తేమ కాస్త పెరుగుతుంది.

తేమకు చేతి పరీక్ష చాలు. గుప్పెడు గ్రావెల్ గట్టిగా పిసికి ముద్ద చేసి, నడుము ఎత్తు నుంచి వదలాలి. నాలుగైదు ముక్కలైతే సరిపోయింది. పొడి పొడిగా చెదిరితే నీళ్లు చాలలేదు. పగలకుండా ఒకే ముద్దగా పడితే ఎక్కువైంది, ఎండలో ఆరబెట్టాలి. వరస పరిచాక పైన నీళ్లు పోయడం పనికిరాదు. పై రెండు సెంటీమీటర్లు బురదై పాదానికి అంటుకుంటుంది, కింద పొడిగానే ఉంటుంది. నీళ్లు కట్టి కుదించడం ఇసుకకు చెల్లుతుంది, ఇక్కడ కాదు. అలాగే పొడి ఇసుక మీద దిమ్మిస దండగ, ఒకచోట కొడితే పక్కన లేస్తుంది.

గోడల మీద చుట్టూ ట్యూబ్ లెవెల్‌తో (నీళ్ల గొట్టంతో మట్టం చూసే సాధనం) 6.7 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున బొగ్గుతో 12 గీతలు గీశారు. వదులుగా పోస్తే 10 సెంటీమీటర్లు. పోసినవాడికి, కొట్టినవాడికి, చూసేవాడికి ముగ్గురికీ ఒకటే గీత, వాదనకు చోటు లేదు.

మొదటి వరస మీదే ప్రయోగం చేశారు. నాలుగు దెబ్బలు ఒక చుట్టుగా, రెండు చుట్లకు 89 శాతం వచ్చింది, నాలుగింటికి 95, ఆరింటికి 96. ఆ చివరి ఒక్క శాతానికి సగం కూలి అదనం. నాలుగు చుట్లు ఖాయం చేసి, గోడల వెంబడి మాత్రం అయిదో చుట్టు పెట్టారు.

కొట్టే వరస గోడల నుంచి మధ్యకు. ముందు మధ్యలో గట్టిపరిస్తే వదులు మట్టి అంచులకు తోసుకుపోయి అక్కడ ఉబ్బెత్తుగా లేస్తుంది, దాన్ని మళ్లీ కొట్టడానికి పాదం పట్టదు. అంచుల కోసం 7.5 సెంటీమీటర్ల చదరపు పాదం, 4.5 కిలోల బరువుతో వేరే దిమ్మిస చేయించారు. పాదం నాలుగో వంతు, బరువు మూడింట రెండు వంతులు. అంటే అదే ఎత్తు నుంచి చదరపు సెంటీమీటరుకు పడే దెబ్బ రెండున్నర రెట్లు. మూలల్లో ఇది లేకుండా పని జరగదు. అలాగని గోడకు ఒక పక్కే ఎడాపెడా కొడితే కొత్త ఇటుక గోడ బయటకు పొట్ట వేస్తుంది. అందుకే చుట్టు తిరుగుతూ నాలుగు గోడల వైపూ వరసలు సమానంగా లేపారు.

ఒక్కో దెబ్బ పక్కదాని మీద మూడో వంతు ఎక్కాలి. ఆ లెక్కన వరసకు వెయ్యి పైచిలుకు చోట్లు, పదహారేసి దెబ్బలు, మొత్తం 16 వేలు దాటుతాయి. నలుగురు మనుషులు నిమిషానికి తలా 30 దెబ్బలు వేస్తే ఆగకుండా రెండుంబావు గంటల పైన. ఎవరూ ఆగకుండా కొట్టలేరు. ఇరవై నిమిషాలకు చేతులు మారితే మూడు గంటల పైన పట్టింది, రోజుకు రెండు వరసలు, ఆరు రోజులు. బేస్‌మెంట్ నింపుడులో మోసం ఎందుకు జరుగుతుందో ఈ అంకె ఒక్కటే చెబుతుంది. కూలీలు బద్ధకించి కాదు. ఆరు రోజుల పనిని ఎవరూ రేటులో రాయరు.

అలసట కనిపించేది ఎత్తులో. పొద్దున 30 సెంటీమీటర్లు లేచిన దిమ్మిస మధ్యాహ్నానికి 15కు దిగుతుంది. దెబ్బల సంఖ్య అంతే, శక్తి సగం. దీనికి మందు సులువు: పిడి మీద ఎర్ర రంగు పట్టీ వేసి, పాదం నేల మీద ఉన్నప్పుడు పట్టీ ఉండే ఎత్తు కంటే అడుగు పైన గోడ మీద దారం కట్టి, పట్టీ దారం దాకా లేవాలన్నారు. వంగి కాదు, మోకాళ్లు మడిచి ఎత్తాలి. కాళ్లు దిమ్మిస పాదం ముందు పెట్టకూడదు, చెప్పులు సరిపోవు, బూట్లు కావాలి.

వరస ముగిశాక గునపం కొనతో పైన గీతలు పెట్టి, కొంచెం నీళ్లు చల్లి, తర్వాతి వరస పోశారు. నున్నగా మెరిసే పై పొర మీద కొత్త వరస పోస్తే రెండూ కలవవు.

అయిదో వరసలో ఒక పొరపాటు జరిగింది. రాత్రి జల్లు పడి కుప్ప తడిసింది. పొద్దున ముద్ద పరీక్ష చేయకుండా పోశారు. కొడుతుంటే నేల రబ్బరులా ఊగింది, ఒకచోట పాదం దిగితే మూరెడు అవతల లేచింది. అలాంటప్పుడు ఇంకా కొట్టడం తప్పు, కొట్టేకొద్దీ పాడవుతుంది. ఆ వరస తీసి ఆరబెట్టి మర్నాడు మళ్లీ పోశారు.

ఫలితం

వరసల మధ్య అయిదు చోట్ల సాంద్రత చూస్తే నాలుగుచోట్ల 94 నుంచి 96 శాతం. ఒక మూలలో 91. ఆ మూల వరకు రెండు వరసలు విప్పి మళ్లీ కొట్టారు.

తీసిన గ్రావెల్ అంతా వెనక్కి పోసినా గది నిండలేదు. ఇంకా ఒక ట్రాక్టరు ట్రక్కు, సుమారు 85 ఘనపుటడుగులు, బయట నుంచి తెప్పించాల్సి వచ్చింది. పారేసిన నల్లమట్టి, ఏరేసిన రాళ్ల చోటు పోను, ముందు కట్టినప్పుడు టైల్స్ కింద ఉన్న గాలి అది.

పైన 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) బెడ్ కాంక్రీటు, 40 ఎంఎం కంకరతో, గోడకూ బెడ్‌కూ మధ్య సన్నని ఎడం వదిలి. టైల్స్‌కు ముందు బయట పని ముగించారు: పైపు నీళ్లు గోడ దాటి పడేలా మళ్లించి, చుట్టూ రెండడుగుల పేవింగ్ వాలుగా వేశారు. తర్వాతి వానాకాలం ముగిశాక ఆరు గుర్తుల దగ్గర మట్టం చూస్తే అయిదింట తేడా 1 మిల్లీమీటరు లోపు. తిరిగి కొట్టిన ఆ మూలలో 2 మిల్లీమీటర్లు. అక్కడ స్కర్టింగ్ గీతను ఇంకా పూడ్చలేదు, ఇంకో వాన చూసి పూడుస్తారు.